బెజవాడ, గుంటూరు డిగ్రీ విద్యార్థికి న్యూరోసైన్స్ అనుభవం: పరిశోధన, నాయకత్వం, పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా నడపాలి

విజయవాడ, గుంటూరు కాలేజీల అడ్మిషన్ ఫారాల్లో న్యూరోసైన్స్ అనే గడి దాదాపు కనిపించదు. జువాలజీ, బయోటెక్నాలజీ, సైకాలజీ, ఫార్మసీ, కంప్యూటర్ సైన్స్, ఎంబీబీఎస్... వీటిలో ఏదో ఒక దారిలో వచ్చినవాళ్లే తర్వాత మెదడు శాస్త్రంలోకి మళ్లుతారు. కాబట్టి డిగ్రీ పేరు చూసి ఎవరూ మిమ్మల్ని న్యూరోసైన్స్ విద్యార్థి అనుకోరు, చేసిన పని చూపించాలి. ఆ పనికి గుండెకాయ ఒక్కటే. మీరే వేసుకున్న ఒక చిన్న ప్రశ్న, దానికి మీ చేత్తో సేకరించిన డేటా, ఆ డేటా ఎలా వచ్చిందో రాసి ఉన్న నోటుబుక్కు. నాయకత్వం, ఆసుపత్రి అనుభవం, సిఫార్సు లేఖ అన్నీ దాన్ని పట్టుకుని రావాలి.

ముందుగా ఒక హెచ్చరిక. రెండు మూడు వేలు కట్టించుకుని నెల తిరక్కుండా 'రీసెర్చ్ ఇంటర్న్‌షిప్' సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్లకు కొదవ లేదు. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నేను ఏ పరికరం వాడతాను? ఏ డేటా తీసుకుంటాను? నా నోటుబుక్కు ఎవరు చదివి సంతకం పెడతారు? మూడింట్లో దేనికీ సూటిగా జవాబు రాకపోతే అది సర్టిఫికెట్ల దుకాణం. ఇంటర్వ్యూలో 'అక్కడేం చేశావు' అన్న ప్రశ్న దగ్గరే ఆ కాగితం పని అయిపోతుంది.

మొదటి మూడు నెలలు: పునాది

ప్రయోగశాల దొరక్కముందే మొదలుపెట్టగల పనులివి. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో న్యూరోసైన్స్ కోర్సుల వీడియోలు ఉచితం, పరీక్ష రాయాలంటేనే రుసుము. ఒకేసారి నాలుగు కోర్సుల్లో చేరొద్దు, ఒకటి పూర్తి చేయండి. దాంతోపాటు పైథాన్‌లో ఫైలు తెరవడం, లూపు రాయడం, గ్రాఫు గీయడం వస్తే చాలు. గణాంకాల్లో సగటు, మధ్యగతం (వరసలో పేర్చితే నడిమి విలువ), ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో), జత టీ-పరీక్ష (ఒకే మనిషి రెండు కొలతల తేడా నిజమా, యాదృచ్ఛికమా అని చూసేది) అర్థమైతే కింద చెప్పే ప్రాజెక్టుకు సరిపోతుంది. చాలామంది ఆర్నెల్లు కోర్సులే చేస్తూ కూర్చుంటారు. అది చదువే గానీ అనుభవం కాదు.

కుట్టు బైండింగు ఉన్న పొడవాటి నోటుబుక్కు కొనండి. ముందే పేజీ నంబర్లు వేయండి. ప్రతి పేజీకీ తేదీ ఉండాలి. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సరిదిద్దండి. వైట్‌నర్ పూయకూడదు, కాగితం చింపకూడదు.

ఖర్చు లేని ప్రాజెక్టు: తెలుగులో స్ట్రూప్ పరీక్ష

'నీలం' అనే మాటను ఎర్ర రంగులో చూపించి, రంగు చెప్పమంటే మనిషి తడబడతాడు. చదవడం అలవాటైన మెదడు మాటను ముందు అందుకుంటుంది, రంగు చెప్పడానికి దాన్ని ఆపాలి. ఆ ఆలస్యాన్నే స్ట్రూప్ ప్రభావం అంటారు. 1935 నుంచీ శాస్త్రంలో ఉన్న పరీక్ష ఇది. మన దగ్గర దీనికి సొంత ప్రశ్న ఒకటి కలుస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు, చిన్నప్పట్నుంచీ ఇంగ్లిష్ మీడియంలో ఉన్నవాళ్లు ఒకే తరగతిలో కూర్చుంటున్నారు. ఎవరికి ఏ భాషలో ఆటంకం ఎక్కువ? బెంగళూరు ప్రయోగశాలకు దొరకని నమూనా మీ కాలేజీ క్యాంటీన్లో ఉంది.

కావలసింది ఒక ల్యాప్‌టాప్, వైరున్న కీబోర్డు, సైకోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్, శబ్దం లేని గది.

1. రంగులు మూడే తీసుకోండి: ఎరుపు, నీలం, పసుపు. ఎరుపు, పసుపు మూడక్షరాలు, నీలం రెండక్షరాలు, పొడవులో పెద్ద తేడా లేదు. 'ఆకుపచ్చ' కలిపితే మాట పొడవు మారిపోయి, ఆలస్యం రంగు వల్ల వచ్చిందా పొడవు వల్ల వచ్చిందా తేల్చలేరు. వెనక రంగు ముదురు బూడిద ఉంచండి. తెల్ల తెరమీద పసుపు కనపడదు.

2. తెలుగు మాటలను సాఫ్ట్‌వేర్లో నేరుగా టైపు చేయకండి. గుణింతాలు, ఒత్తులు విడిపోయి కనిపించే ప్రమాదం ఉంది. మాటలను ముందే ఒకే ఎత్తులో బొమ్మలుగా దాచుకుని, ఆ బొమ్మలనే చూపించండి. ఇంగ్లిష్ మాటలకూ ఇదే పద్ధతి. ఒక భాషకు బొమ్మ, ఇంకో భాషకు టైపు అయితే పోలిక చెడుతుంది.

3. ఒక్కో ప్రయత్నం ఇలా సాగాలి. 500 మిల్లీసెకన్లు ప్లస్ గుర్తు, ఆ తర్వాత మాట. మీట నొక్కేదాకా, లేదా 2000 మిల్లీసెకన్లు గడిచేదాకా మాట తెరమీద ఉంటుంది. మూడు రంగులకు మూడు మీటలు, వాటిమీద రంగు స్టిక్కర్లు.

4. భాషకు 96 ప్రయత్నాలు. మాట, రంగు కలిసే జతలు 3, ఒక్కోటి 16 సార్లు, మొత్తం 48. కలవని జతలు 6, ఒక్కోటి 8 సార్లు, అవీ 48. వరస యాదృచ్ఛికంగా రావాలి. ముందు 24 సాధన ప్రయత్నాలు పెట్టి, వాటిని లెక్కలోంచి తీసేయండి. మీటలు ఎక్కడున్నాయో వేళ్లకు అలవాటు కావడానికే అవి.

5. సగం మందికి తెలుగు ముందు, సగం మందికి ఇంగ్లిష్ ముందు. అందరికీ ఒకే వరస పెడితే రెండో భాషలో కనిపించే వేగం సాధన వల్ల వచ్చిందో, భాష వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. సమీక్షకులు మొదట అడిగేదీ ఇదే.

6. ఒక్కో మీడియం నుంచి కనీసం 30 మంది. రంగులు గుర్తించడంలో ఇబ్బంది ఉందా, కళ్లద్దాలు తెచ్చుకున్నారా అని మొదలుపెట్టే ముందే అడగండి. మాతృభాష తెలుగేనా అన్నది కూడా. గుంటూరులో ఉర్దూ ఇంట్లో మాట్లాడే విద్యార్థులు చాలామంది ఉంటారు, వాళ్లను వేరే గుంపుగా గుర్తించకపోతే ఫలితం కలగాపులగం అవుతుంది.

అనుమతి సంగతి ఇక్కడే చెప్పాలి. మనుషుల మీద చేసే అధ్యయనానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు వర్తిస్తాయి. కాలేజీకి నైతిక కమిటీ ఉంటే ప్రతిపాదన అక్కడ పెట్టండి. లేకపోతే గైడుగా ఒప్పుకున్న అధ్యాపకులతో కలిసి, కమిటీ ఉన్న దగ్గరి వైద్య కళాశాలనో విశ్వవిద్యాలయాన్నో అడగాలి. అనుమతి డేటా తీసుకోవడానికి ముందే రావాలి. తర్వాత తెచ్చుకున్న కాగితం ఏ పత్రికలోనూ చెల్లదు. సమ్మతి పత్రం తెలుగులో ఒక్క పేజీ. ఏం చేస్తారు, ఎంతసేపు, మధ్యలో మానేయొచ్చు, పేరు బయటికి రాదు. ఇంకో మెలిక ఏమిటంటే, ఫస్టియర్లో చాలామందికి ఇంకా 17 ఏళ్లే. వాళ్లకు తల్లిదండ్రుల సంతకం కూడా కావాలి. అందుకే సెకండియర్, ఫైనలియర్ వాళ్లను పిలవడం తేలిక.

ఎక్కడ చెడిపోతుంది? ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే పొదుపు మోడ్‌లోకి వెళ్లి సమయాలు అటూ ఇటూ అవుతాయి. ఛార్జరు పెట్టే ఉంచండి, కరెంటు పోతే ఆ మనిషి డేటా అక్కడితో ఆపి కారణం నోటుబుక్కులో రాయండి. సాధారణ తెర సెకనుకు 60 సార్లు మారుతుంది, అంటే దాదాపు 17 మిల్లీసెకన్లకోసారి. అంతకంటే చిన్న తేడా గురించి గొప్పలు చెప్పకండి. బ్లూటూత్ కీబోర్డు వాడితే ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా కలుస్తుంది. పక్కన స్నేహితుడు నిలబడి నవ్వుతుంటే ఆ ఫైలు పనికిరాదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక సగం మందిని, పొద్దున సగం మందిని కూర్చోబెట్టడం ఇంకో పొరపాటు.

లెక్క కట్టేటప్పుడు తప్పు జవాబులను, 200 మిల్లీసెకన్ల లోపు నొక్కినవాటిని పక్కన పెట్టండి. 200 లోపు నొక్కడం చూసి నొక్కడం కాదు, ఊహించి నొక్కడం. ఒక్కొక్కరికీ కలిసిన జతల మధ్యగతం, కలవని జతల మధ్యగతం తీసి తేడా చూడండి. ఆ తేడాయే ఆటంకం. తర్వాత ఒకే మనిషి రెండు భాషల తేడాలకు జత టీ-పరీక్ష. వదిలేసే నియమాలను డేటా చూడకముందే నోటుబుక్కులో రాసి తేదీ వేయండి. చూశాక నియమం మారిస్తే కావలసిన ఫలితం వచ్చేదాకా మారుస్తూనే ఉంటారు. తేడా రాకపోయినా అది ఫలితమే, సదస్సులో పోస్టరుగా పెట్టొచ్చు.

ఫైళ్లలో పేర్లు, ఫోన్ నంబర్లు ఉండకూడదు, కోడ్ మాత్రమే. పేరు-కోడ్ జాబితా వేరే కాగితం మీద, గైడు బీరువాలో. తెలుగు ఉన్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో రెండుసార్లు నొక్కి తెరిస్తే అక్షరాలు పిచ్చిగీతలుగా మారొచ్చు, దాన్ని అలాగే సేవ్ చేస్తే పోయినట్టే. మూల ఫైలును ఎప్పుడూ ముట్టుకోకండి, నకలు మీదే పని.

తడి ప్రయోగశాల (జీవులు, రసాయనాలతో పని) కావాలంటే: పండు ఈగలు

జువాలజీ, బయోటెక్నాలజీ విభాగాల్లో డ్రోసోఫిలా, అంటే పండు ఈగలు, ఉంటే అదృష్టమే. ఎలుకల పనికి నమోదైన జంతుశాల, జంతు నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. అవి ఈ చుట్టుపక్కల కొన్ని ఫార్మసీ కాలేజీల్లో దొరుకుతాయి గానీ డిగ్రీ విద్యార్థి చేతికి రావడం కష్టం. ఈగలతో ఆ చిక్కు తక్కువ.

మేత ఒక లీటరు నీటికి ఇలా: మొక్కజొన్న పిండి 80 గ్రాములు, చక్కెర 40, గ్లూకోజు 20, ఈస్టు 15, గడ్డకట్టించే అగర్ పొడి 8. ఉడికించి, కాస్త చల్లారాక బూజు ఆపే ప్రొపియానిక్ ఆమ్లం 4 మిల్లీలీటర్లు కలపండి. మరుగుతున్నప్పుడే పోస్తే ఆవిరై పోయి, వారం తిరక్కుండా బూజు పడుతుంది. కృష్ణా ఒడ్డు వానాకాలపు తేమలో బూజే మొదటి శత్రువు.

రెండో శత్రువు ఎండ. ఈగలకు 25 డిగ్రీలు హాయి, ఆ వేడిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి సుమారు 10 రోజులు. 30 దగ్గరికి చేరితే మగ ఈగలు సంతానశక్తి కోల్పోతాయి. ఈగలు బతికే ఉంటాయి, తిరుగుతూనే ఉంటాయి, సీసాలో కొత్త పిల్లలు మాత్రం రావు. బెజవాడ మే నెలలో ఇంక్యుబేటరు ఆగితే గది 40 చేరడానికి ఎంతోసేపు పట్టదు. థర్మోకోల్ పెట్టె, గుడ్డలో చుట్టిన ఐస్ ప్యాకులు ముందే సిద్ధం చేసుకోండి. స్టాకు రెండో ప్రతిని ఇంకో గదిలో పెట్టండి.

ప్రయోగం తేలిక, వయసుతో ఈగ పైకెక్కే శక్తి ఎలా మారుతుందో చూడటమే. ఖాళీ సీసాలో అడుగు నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర గీత గీసి, ఒకే వయసు మగ ఈగలు 10 వేయండి. మెత్తటి గుడ్డ మీద తట్టి కిందికి దించి, 10 సెకన్లలో గీత దాటినవి లెక్కపెట్టండి. నిమిషం విరామంతో ఐదుసార్లు. 5 రోజుల ఈగలను, 30 రోజుల ఈగలను పోల్చండి. మత్తిచ్చి వేరుచేసిన ఈగలను 24 గంటలు వదిలేయాలి, లేకపోతే మీరు కొలిచేది మత్తునే. ఫోన్‌తో వీడియో తీసి, వయసు తెలియని స్నేహితుడి చేత లెక్కపెట్టించండి.

ఆసుపత్రిలో: ఈఈజీ గది

ఈఈజీ అంటే తలమీద ఎలక్ట్రోడులు అంటించి మెదడు విద్యుత్తును గీతలుగా నమోదు చేసే పరీక్ష. విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట వీధుల్లో న్యూరాలజిస్టుల బోర్డులు వరసగా ఉంటాయి. రెండు వారాలు పరిశీలకులుగా కూర్చోనివ్వమని కాలేజీ లేఖతో అడగండి. ఓపీ నడుస్తున్న వేళ వెళ్తే లోపలికే పోలేరు, ఫోను చేసి సమయం తీసుకోండి. డాక్టరుగారికంటే టెక్నీషియన్ దగ్గరే మీరు నేర్చుకునేది ఎక్కువ. గౌరవంగా ఉండండి, అడ్డం కాకండి.

చూడాల్సింది ఎలక్ట్రోడుల చోట్లు తేల్చే కొలత. ముక్కు పైన కనుబొమల నడుమ గుంట నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపు పెడతారు. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 10 శాతం, అంటే 3.6 దగ్గర మొదటి గుర్తు. అక్కడినుంచి 20 శాతం చొప్పున 10.8, 18, 25.2, 32.4 దగ్గర గుర్తులు. 18 దగ్గర నడినెత్తి, దాన్నే సీజెడ్ అంటారు. అక్కడ చెవి నుంచి చెవికి వేసే అడ్డ కొలత కూడా సగం కావాలి. ఇది మీ స్నేహితుడి తలమీద ఇంట్లోనే సాధన చేయొచ్చు, కనుబొమల పెన్సిలు చాలు.

మన దగ్గర ఈఈజీకి పెద్ద ఆటంకం తలనూనె. నూనె ఉంటే పేస్టు అంటుకోదు, ఎలక్ట్రోడు నిరోధం తగ్గదు. ముందురోజు షాంపూతో తలస్నానం చేసి, నూనె రాయకుండా రమ్మని చెప్పినా, ఆసుపత్రికి వెళ్తున్నామని అమ్మ పొద్దున్నే నూనె పెట్టి జడ వేసి పంపుతుంది. టెక్నీషియన్ రాపిడి జెల్‌తో ఆ చోటు రుద్ది, నిరోధం 5 కిలో ఓమ్‌ల లోపుకు వచ్చేదాకా చూస్తారు. రాకపోతే తెరమీద మందమైన, ఎడతెగని 50 హెర్ట్జ్ కరెంటు గీత కనపడుతుంది. ఫిల్టరుతో దాచొచ్చు గానీ మూలం చెడ్డ అతుకే. కళ్లు మూసుకోమన్నప్పుడు తల వెనక చానళ్లలో 8 నుంచి 13 హెర్ట్జ్ ఆల్ఫా అలలు లేస్తాయి, తెరవగానే అణిగిపోతాయి. రెప్ప కొడితే నుదుటి చానళ్లలో పెద్ద గుట్ట. ఈ మూడింటినీ గుర్తుపట్టగలిగితే మీ రెండు వారాలు వృథా కానట్టే.

రోగి పేరు రాసుకోవడం, తెర ఫొటో తీయడం, బంధువులకు 'ఏముందో' చెప్పడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. సాధన కోసం డేటా కావాలంటే ఫిజియోనెట్, ఓపెన్‌న్యూరో అనే డేటా వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంది. ఈఈజీ విశ్లేషణకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంఎన్‌ఈ-పైథాన్‌తో తెరిచి చూడండి.

నాయకత్వం అంటే ఏం చూపించాలి

క్లబ్బు ప్రెసిడెంటు అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ పాఠ్యక్రమంలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ చేయాలి, చాలామంది దాన్ని ఎవరి రిపోర్టో నకలు కొట్టి ముగిస్తారు. దాన్నే మూర్ఛ, పక్షవాతం మీద అవగాహన పనిగా మలచుకోండి. ఎన్ఎస్ఎస్ యూనిట్ ఉంటే మనుషులు దొరుకుతారు, ఆశా కార్యకర్తలతో మాట్లాడుకుంటే వార్డులో జనం కూడతారు. గుంటూరు మిర్చి యార్డు హమాలీల దగ్గరికి వెళ్లేటట్టయితే వేలం హడావుడి అయ్యాకే వెళ్లండి.

చెప్పాల్సింది కొంచెమే. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు, ఉల్లిపాయ వాసన చూపించొద్దు, నోట్లో చెంచా, నీళ్లు వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటితే 108. పక్షవాతానికి మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబాటు. గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది, కాబట్టి సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి. ఆకు పసరు, నాటు వైద్యం అంటూ పోయిన గంటలు తిరిగి రావు. వ్యాధి నిర్ధారణ, మందుల సలహా మీ పని కాదు, అడిగితే డాక్టరుకు చూపించమనండి.

మాట్లాడే ముందు ఆరు ప్రశ్నలు, అయ్యాక అవే ఆరు. నెల తర్వాత మళ్లీ వెళ్లి అడిగితే ఇంకా మంచిది, అప్పుడే ఏం గుర్తుంది, ఏం జారిపోయింది తెలుస్తుంది. చదవలేనివాళ్లకు ప్రశ్న చదివి వినిపించే వలంటీరు జవాబు వైపు తల ఊపకుండా ముందే నేర్పించండి. ఎవరికి ఏ పని ఇచ్చారు, ఎవరు మానేశారు, ఆ ఖాళీ ఎలా పూడ్చారు అన్నది నోటుబుక్కులో ఉంటే నాయకత్వం గురించి అడిగినప్పుడు చెప్పడానికి సరుకు ఉంటుంది. జులై 22 ప్రపంచ మెదడు దినం, అక్టోబరు 29 పక్షవాత దినం, నవంబరు 17 జాతీయ మూర్ఛ దినం. హాలు, అనుమతులు అడగడానికి ఈ తేదీలు పనికొస్తాయి.

బయటి ప్రయోగశాలలకు దరఖాస్తు

ముందుగా చూడాల్సింది మూడు సైన్స్ అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్. వేసవి పనికి దరఖాస్తు అంతకు ముందు ఏడాది చివర్లోనే పెట్టాలి, మార్చిలో వెతికితే ఏమీ ఉండదు. ఎంబీబీఎస్, బీడీఎస్ వాళ్లకు ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీ, నిమ్‌హాన్స్, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీ, హైదరాబాద్‌లో సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీ న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం, ట్రిపుల్ ఐటీ కాగ్నిటివ్ సైన్స్ ల్యాబు, వీటి వెబ్‌సైట్లు అక్టోబరు నుంచీ చూస్తుండండి. దగ్గర్లో మంగళగిరి ఎయిమ్స్, నీరుకొండ ఎస్‌ఆర్‌ఎం, నాగార్జున విశ్వవిద్యాలయం అధ్యాపకుల పేజీలు చదివి ఎవరి పని మీ ప్రశ్నకు దగ్గరో చూసుకోండి.

మెయిలు 150 మాటలు దాటొద్దు. వాళ్ల పేపరు ఒకటి నిజంగా చదివి, అందులో మీకు తట్టిన ఒక ప్రశ్న ఒక వాక్యంలో. మీరు చేసిన పని రెండు వాక్యాల్లో. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరో. ఒక పేజీ సీవీ జత. 'రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్' అని యాభైమందికి ఒకే మెయిలు పంపితే చదివేవాళ్లకు మొదటి వరసలోనే తెలిసిపోతుంది. పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి, ఆ తర్వాత వదిలేయండి.

సీవీలో 'న్యూరోసైన్స్ మీద ఆసక్తి, ఈఈజీ పరిజ్ఞానం' అని కాకుండా ఇలా ఉండాలి: 'రెండు మీడియంల విద్యార్థులు 60 మందిపై రెండు భాషల స్ట్రూప్ పరీక్ష రూపకల్పన, డేటా సేకరణ, పైథాన్‌లో విశ్లేషణ, నైతిక కమిటీ అనుమతి ఉంది.' అంకె మీ నోటుబుక్కులో ఎంతుందో అంతే రాయాలి. పరిశీలకులుగా కూర్చున్న పనిని 'ఈఈజీ తీశాను' అని రాస్తే, ఇంటర్వ్యూలో ఎలక్ట్రోడు ఎక్కడ పెడతావని అడిగినప్పుడు దొరికిపోతారు.

సిఫార్సు లేఖకు గడువుకు మూడు వారాల ముందే సార్‌నో మేడమ్‌నో కలవండి. సీవీ, ప్రతిపాదన, లేఖ ఎక్కడికి ఎలా పంపాలో, గడువు తేదీ, మీరు వాళ్ల దగ్గర చేసిన పనులు ఐదు వరసల్లో ఒకే కాగితం మీద రాసి ఇవ్వండి. మిమ్మల్ని హాజరు పట్టీలో మాత్రమే చూసిన హెచ్‌ఓడీ కంటే, ఈగల సీసాలు ఎండలో పాడైన రోజు మీరేం చేశారో చూసిన లెక్చరర్ లేఖకు బరువెక్కువ. లేఖ నువ్వే రాసుకురా, సంతకం పెడతానంటే, ముసాయిదా బదులు ఆ ఐదు వరసలే ఇచ్చి, మీ మాటల్లో రాయండి సార్ అని మర్యాదగా అడగండి. ఒకే శైలిలో ఉన్న రెండు లేఖలు ఎంపిక కమిటీ కంట్లో ఇట్టే పడతాయి.